వెబ్‌సైటుకు ఎన్ని మూసలు?

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అని ఒక యూనివర్సిటీ పట్టణం ఉంది. అక్కడి దినపత్రిక లారెన్స్ జర్నల్-వరల్డ్ నడిపిన సైట్లలో ఒకటి వార్తలది, ఇంకొకటి ఊళ్లో జరిగే కచేరీలు, వినోదాలది. రెండిటి రూపురేఖలూ వేరు. కానీ కొన్ని వ్యాసాలు రెండింట్లోనూ రావాలి. పత్రికాఫీసు పని కనుక పొద్దున అడిగింది సాయంత్రానికి పాఠకుల ముందుండాలి. ఆ హడావిడిలోనే 2003లో ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు పైథాన్ భాషలో తమకు కావలసిన సరంజామా తామే తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. 2005 జూలైలో అది జాంగో పేరుతో అందరికీ ఉచితంగా విడుదలైంది. గిటారు విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరే దానికి పెట్టారు. రాసింది ఒకటే, దాన్ని చూపించాల్సిన తీరులు మాత్రం రెండు మూడు. ఈ అవసరం ఇప్పుడు దాదాపు ప్రతి పెద్ద సైటుకూ ఉంది.

పేజీకో ఫైలు చొప్పున సైట్లు చేత్తో రాసే రోజుల్లో పైన మెనూ, కింద చిరునామా ప్రతి ఫైలులోనూ మళ్లీ మళ్లీ ఉండేవి. ఆఫీసు ఫోన్ నంబరు మారితే ఫైళ్లన్నీ వరసగా తెరిచి దిద్దాల్సిందే. ఆ బాధ తప్పించడానికి హెడర్ ఒక ఫైలు, ఫుటర్ ఒక ఫైలు చేసి, ప్రతి పేజీ పైనా కిందా వాటిని కలుపుకునే పద్ధతి పీహెచ్‌పీ వంటి భాషలతో బాగా వాడుకలోకి వచ్చింది. మునుపటికంటే మెరుగే. కాకపోతే హెడర్‌లో తెరిచిన ట్యాగ్ ఎక్కడో ఫుటర్‌లో మూతపడుతుంది. విడిగా చూస్తే ఏ ఫైలూ పూర్తిగా ఉండదు. ఫుటర్‌లో ఒక్క మూత ట్యాగ్ ఎగిరిపోతే, హెడర్‌ను ఎంతసేపు గాలించినా తప్పు దొరకదు.

జాంగో మూసలు (టెంప్లేట్లు) ఈ వరసను తిరగేశాయి. పేజీ అస్థిపంజరమంతా, మొదటి ట్యాగ్ నుంచి చివరి ట్యాగ్ దాకా, బేస్ అనే ఒక్క ఫైలులో ఉంటుంది. అందులో అక్కడక్కడ పేర్లు పెట్టిన ఖాళీలుంటాయి. వీటిని బ్లాకులు అంటారు. శీర్షికకు ఒకటి, అసలు విషయానికి ఒకటి, పక్క పట్టీకి ఒకటి. వ్యాసం పేజీ తన మొట్టమొదటి ట్యాగ్‌లోనే ‘ఎక్స్‌టెండ్స్’ అంటూ ఫలానా బేస్ నాది అని చెప్పుకుంటుంది. ఆ తర్వాత తాను నింపదలచిన బ్లాకులు మాత్రమే రాస్తుంది. నింపకుండా వదిలిన బ్లాకులో బేస్ ముందే పెట్టినది అలాగే కనిపిస్తుంది. ఉన్నదాన్ని చెరపకుండా దానికి ఇంకొంచెం చేర్చాలంటే ‘బ్లాక్ డాట్ సూపర్’ అని రాస్తే బేస్‌లోని సరుకు అక్కడికి వస్తుంది. పైథాన్ వాళ్ల జింజా మూసలు, పీహెచ్‌పీలో లారావెల్ వాడే బ్లేడ్ మూసలు పనిచేసేదీ ఈ తీరులోనే.

చిక్కు మొదలయ్యేది అన్ని పేజీలనూ ఒక్క బేస్‌లోనే ఇమిడ్చినప్పుడు. శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో పెళ్లి నమూనాలోనే పేర్లూ ముహూర్తమూ మార్చి గృహప్రవేశం కార్డు కానిచ్చేయవచ్చు. పెద్దకర్మ కార్డు మాత్రం అందులోంచి తీయరు. గణపతి బొమ్మ ఒక్కటీ తీసేస్తే సరిపోదు, అది మొదటినుంచీ వేరే కార్డు. సైట్లలోనూ అలాంటి పేజీలుంటాయి. డబ్బు కట్టే పేజీలో మెనూ ఉంటే వినియోగదారు చెయ్యి దానిమీదికి పోతుంది, చెల్లింపు మధ్యలో ఆగిపోతుంది. సిబ్బంది వాడుకునే పేజీలకు ఎడమ పక్కన పొడుగాటి జాబితా కావాలి. వీటన్నిటికీ ఒకటే బేస్ అనుకున్నవాళ్లు ‘ఇది చెల్లింపు పేజీ అయితే మెనూ వద్దు’ అనే చిన్న షరతుతో మొదలుపెడతారు. కొన్నాళ్లకు షరతులో షరతు చేరుతుంది. చివరికి ఆ ఫైలు ముట్టుకోవాలంటేనే అందరికీ భయం. బేస్‌లో ఇలాంటి షరతులు మూడు నాలుగు కనిపించాయంటే అందులో రెండో బేస్ ఇరుక్కుని ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

రసీదును ఈమెయిల్‌గా పంపే సందర్భం చూడండి. సైటు బేస్‌నే దానికీ తగిలిస్తే మూడు చోట్ల దెబ్బతింటుంది. మెయిల్ పెట్టెలో స్క్రిప్టులు నడవవు. సైటులో ‘ఫలానా ఫోల్డరులోని బొమ్మ’ అని పొట్టిగా రాసిన చిరునామాలు అక్కడ పనిచేయవు, డొమైన్ పేరుతో సహా పూర్తిగా రాయాలి. పైగా విండోస్‌లోని ఔట్‌లుక్ 2007 నుంచి మెయిల్‌ను చూపించడానికి మైక్రోసాఫ్ట్ వర్డ్ యంత్రాంగాన్ని వాడుతూ వచ్చింది. ఇవాళ్టి వెబ్ పేజీల అమరిక దానికి అర్థం కాదు. అందుకే మెయిల్ బేస్‌ను ఇప్పటికీ పాతకాలపు టేబుళ్లతో కడతారు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది తప్పు పేజీ గురించి. సర్వర్‌లో ఏదైనా విరిగినప్పుడు చూపించే 500 నంబరు పేజీ అది. చాలామంది దాన్ని కూడా మామూలు బేస్‌కే కడతారు, చూడటానికి ఒకేలా ఉంటుందని. ఇప్పుడు డేటాబేస్ పడిపోయిందనుకుందాం. పాఠకుడు అడిగిన పేజీ విఫలమవుతుంది. జాంగో 500 పేజీని పిలుస్తుంది. అది బేస్‌ను పిలుస్తుంది. బేస్‌లోని మెనూ తన శీర్షికల కోసం డేటాబేస్ దగ్గరికే వెళుతుంది. అక్కడ మళ్లీ వైఫల్యం. క్షమించండి అని మర్యాదగా చెప్పాల్సిన పేజీ కూడా రాదు, సర్వర్ ఇచ్చే బోడి వాక్యం ఒకటి మిగులుతుంది. జాంగో రూపకర్తలు దీన్ని ముందే ఊహించారు. 500 పేజీకి ఏ వివరాలూ అందించకుండా ఖాళీగా తయారుచేయడం అక్కడి మామూలు ఏర్పాటు, ఒక తప్పు మీద ఇంకో తప్పు పడే అవకాశం తగ్గాలని. అయినా మెనూ తనంతట తాను డేటాబేస్‌ను అడిగేలా రాసుకుంటే ఆ జాగ్రత్త అక్కరకు రాదు. రూబీ ఆన్ రెయిల్స్ అనే మరో సరంజామాలో అయితే ఈ పేజీ ఏ మూసకూ చెందని మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలు. కుటుంబం మొత్తంలో ఈ ఒక్క పేజీని ఒంటరిగా ఉంచాలి. దానికి అవసరమైన రంగులూ అక్షరాలూ కూడా అందులోనే రాసేయాలి.

మిగతా బేసులకు మాత్రం ఒంటరితనం పనికిరాదు. రెండో బేస్ కావాలనగానే మొదటిదాన్ని కాపీ చేసి, అక్కర్లేనివి చెరిపేయడం సులువే. ఆర్నెల్లకు రెండూ రెండు దారులు పడతాయి. పేజీ ఏ అక్షర సంకేతంలో ఉందో చెప్పే యూటీఎఫ్-8 వరస ఒకదానిలో ఉండి మరోదానిలో లేదనుకోండి. సర్వర్ కూడా ఆ సంగతి చెప్పకపోతే బ్రౌజర్ ఊహించుకోవాలి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఊహ తప్పితే ఒక్కో గుర్తు బదులు మూడేసి యూరపు అక్షరాలు తెరమీద పరుచుకుంటాయి. అందుకే జాంగో పత్రాలు మూడంతస్తుల అమరికను సూచిస్తాయి: అన్నిటికీ మూలమైన బేస్, దాని కింద విభాగానికో బేస్, వాటి కింద విడి పేజీలు. చెల్లింపు బేస్, సిబ్బంది బేస్ రెండూ ఆ మూలం నుంచే పుడతాయి. మూలంలో ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

ఏ బేస్ వాడాలో పేజీ వచ్చే క్షణంలో కూడా తేల్చుకోవచ్చు. ఎక్స్‌టెండ్స్‌కు ఫైలు పేరే ఇవ్వనక్కర్లేదు, ఆ పేరును పట్టుకున్న చరరాశినీ ఇవ్వవచ్చు. ఈమధ్య హెచ్‌టీఎంఎక్స్ అనే ఉపకరణం వాడేవారికి ఇది బాగా అక్కరకొస్తోంది. అది సర్వర్‌ను పేజీలో ఒక ముక్క అడిగేటప్పుడు అభ్యర్థనలో ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తు కనబడితే అసలు విషయం మాత్రమే ఉండే చిన్న బేస్, లేకపోతే పూర్తి బేస్. వ్యాసం మూస ఒక్కటే, రెండు దారుల్లోనూ అదే నడుస్తుంది.

భాష మారితే మరో బేస్ కావాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. తెలుగు పేజీకీ ఇంగ్లీషు పేజీకీ మూలం బేస్‌లో తేడా మొదటి ట్యాగ్‌లోని భాష గుర్తు ఒక్కటే. అది నిర్లక్ష్యం చేసేది కాదు. చూపులేనివారికి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆ గుర్తును బట్టే ఏ గొంతుతో పలకాలో నిర్ణయిస్తుంది. తెలుగు పేజీ మీద ఇంగ్లీషు గుర్తు ఉంటే వినేవారికి నరకం. ఉర్దూ రెండో అధికార భాషగా ఉన్న తెలంగాణలో మూడో భాష చేరినా బేస్ మార్చనక్కర్లేదు. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది కనుక దిశ చెప్పే గుర్తు ఇంకొకటి చేర్చాలి. ఇక స్టైల్ ఫైలులో ‘ఎడమ పక్క ఇంత ఖాళీ’ అని రాయకుండా ‘వరస మొదలయ్యే పక్క ఇంత ఖాళీ’ అని రాసుకోవాలి. ఇప్పటి బ్రౌజర్లన్నిటికీ ఆ మాట అర్థమవుతుంది, ఉర్దూ పేజీలో ఆ ఖాళీని తామే కుడివైపుకు తిప్పుకుంటాయి.