పాతబట్టకు కొత్త బతుకు

పిల్లలూ! అన్నయ్యకు పొట్టయిపోయిన చొక్కా తొడుక్కోవాలంటే మీలో కొందరికి సిగ్గు. ఆ సిగ్గు దేనికి?

ఒక నూలుచొక్కా తయారు కావటానికి ఎన్ని నీళ్ళు పడతాయో ఎరుగుదురా? పత్తిచేను తాగినవీ, అద్దకానికి వాడినవీ కలిపితే సుమారు 2,700 లీటర్లని లెక్క కట్టారు! బాగున్న చొక్కాను పారవేస్తే ఆ నీళ్ళన్నీ పారబోసినట్టే.

మన హైదరాబాదులో హైటెక్ సిటీ వైపు వెళితే అద్దాల అంగళ్ళలో కొత్తబట్టలు తళతళలాడుతూ వుంటాయి. అదే నగరంలో పాతసామాన్లకు కూడా ఒక సంత వున్నది. దాని పేరు జుమేరాత్ బజారు. ఉర్దూలో జుమేరాత్ అంటే గురువారం. సంత జరిగేది ఆనాడే.

ఇటువంటిదే, ఇంకా చాలా పెద్దది, ఆఫ్రికాలో వున్నది. ఘనా దేశపు రాజధాని అక్రాలోని కంటమాంటో సంతకు ఐరోపా, అమెరికా ప్రజలు విడిచిన బట్టలు మూటలు మూటలుగా వస్తాయి. వాటిలో పనికిరానివి చెత్తకుప్పల పాలై ఆ ఊరికి బెడద అవుతున్నాయి. మిగిలినవాటిని అక్కడి దర్జీలు విప్పి, కత్తిరించి, రంగులు వేసి, సరికొత్త దుస్తులుగా కుడతారు. 2025 జనవరిలో సంత చాలాభాగం కాలిపోయింది. అయినా వర్తకులు అధైర్యపడక మళ్ళీ అంగళ్ళు కట్టుకున్నారు.

మన అమ్మమ్మలకూ ఈ విద్య తెలుసు. పాతచీరలు పొరలుగా పరచి బొంతలు కుట్టేవారు. పొరల నడుమ చిక్కిన గాలి ఒంటివేడిని త్వరగా బయటికి పోనివ్వదు. అందుకే బొంత వెచ్చగా వుంటుంది.

గుండీ ఊడిన చొక్కా మీ ఇంట్లో వున్నదేమో చూడండి. అమ్మనో నాన్ననో అడిగి, సూదీ దారం పట్టటం ఈ ఆదివారమే నేర్చుకోండి!