తీర జలాల్లో ఆక్సిజన్ కొరత – సముద్ర జీవులపై ప్రభావం

నీటిలో కరిగి ఉన్న ఆక్సిజనే చేపలు, రొయ్యలు, పీతల వంటి జలచరాలకు జీవాధారం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగగా, సముద్రపు నీటిలో 6.7 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. ఉష్ణోగ్రత పెరిగిన కొద్దీ ఈ పరిమాణం ఇంకా తగ్గుతుంది. ఇది లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గిన స్థితిని సాధారణంగా హైపాక్సియా అంటారు.

కారణాలు

పొలాల నుండి కొట్టుకుపోయిన నత్రజని, భాస్వరం, పట్టణాల మురుగునీరు నదుల ద్వారా సముద్రాన్ని చేరి వృక్ష ప్లవకాలను విపరీతంగా పెంచుతాయి. అవి చనిపోయి అడుగుకు చేరినప్పుడు, వాటిని కుళ్ళబెట్టే బాక్టీరియా అక్కడి ఆక్సిజన్‌ను వినియోగించుకుంటుంది. తేలికైన నదీజలం పైపొరగా నిలిచి ఉండడం వలన ఉపరితలపు ఆక్సిజన్ అడుగుకు అందదు. మిసిసిపి నది కలిసే మెక్సికో సింధుశాఖలో ఏటా వేసవిలో ఈ స్థితి ఏర్పడుతుంది. 2017లో అది సుమారు 22,720 చదరపు కిలోమీటర్లకు విస్తరించింది.

అన్నిచోట్లా కారణం ఒకటే కాదు. భారత పశ్చిమ తీరంలో నైరుతి రుతుపవన కాలాన ఆక్సిజన్ తక్కువగా ఉన్న లోతు నీరు సహజంగానే తీరం వైపు ఎగదన్నుకు వస్తుంది. నదుల ద్వారా చేరే పోషకాలు ఈ కొరతను మరింత తీవ్రం చేయగలవు.

జీవులపై ప్రభావం

ఈదగల చేపలు ఆ ప్రాంతాన్ని విడిచిపోతాయి. కదలలేని ఆల్చిప్పలు, అడుగునేలలోని పురుగులు మరణిస్తాయి. బ్రతికిన జీవులలోనూ ఎదుగుదల, ప్రత్యుత్పత్తి కుంటుపడతాయి. తప్పించుకున్న చేపలు హైపాక్సియా అంచులలో గుమికూడుట వలన అక్కడ వేట కొంతకాలం పెరిగినట్లు కనబడవచ్చు. దానిని మత్స్య సంపద వృద్ధిగా భావించరాదు.

చేపట్టవలసిన చర్యలు

ఉపరితల నమూనాలో ఆక్సిజన్ తగినంత ఉన్నా అడుగున కొరత ఉండవచ్చు. కనుక అడుగు నీటిని తప్పక పరీక్షించాలి. పొలంలో భూసార పరీక్షను అనుసరించి ఎరువులు వాడడం, నత్రజనిని దఫాలుగా వేయడం, భారీ వర్షానికి ముందు వేయకుండుట, కాలువ గట్లపై గడ్డిని పెంచడం ద్వారా పోషకాల నష్టాన్ని తగ్గించవచ్చు. మురుగునీటిని, చెరువుల వ్యర్థ జలాన్ని శుద్ధి చేసిన పిదపనే వదలాలి. పొలంలో నిలిచిన నత్రజని రైతుకు పైరునిస్తుంది. సముద్రం చేరినది మత్స్యకారుని జీవనోపాధిని హరిస్తుంది. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ సంబంధాన్ని రైతులకు వివరించడం ఎంతైనా అవసరం.