రామ్సెస్ నాటి మస్టరు

నవంబరు 1, 2025న కైరో పక్కన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం అట్టహాసంగా తెరిచాక, మా ఎడిటరు గారికి ముఖచిత్ర కథనం మీద మనసుపోయింది. 'పిరమిడ్ల రహస్యాలు' అని శీర్షిక కూడా ఆయనే పెట్టి, గురువారానికల్లా కాపీ పంపమన్నారు. రహస్యాలంటే నాకు మొదట్నుంచీ గిట్టదు. గ్రహాంతరవాసులు దిగొచ్చి రాళ్లు పేర్చారనే వీడియోలు ఫోన్ల నిండా ఉన్నాయి. ఫారోల కోసం రాయి తొలిచినవాళ్ల హాజరుపట్టీ చెక్కుచెదరకుండా మిగిలి ఉండగా, గ్రహాంతరవాసులతో మనకేం పని?

ఆ పట్టీ లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మూరెడుకు కాస్త తక్కువ ఎత్తున్న సున్నపురాతి పలక. రెండో రామ్సెస్ ఏలుబడిలో 40వ ఏడాది నాటిది, అంటే మూడు వేల రెండొందల ఏళ్ల పైమాట. నైలు నదికి పడమట, దైర్ ఎల్ మెదీనా అనే ఊళ్లో దొరికింది. ఆ ఊరంతా పనివాళ్లదే. రాజుల లోయలో కొండ తొలిచి సమాధులు కట్టేవారు, గోడల మీద బొమ్మలు చెక్కేవారు, రంగులు వేసేవారు. తండ్రి పని కొడుక్కి. పలక కుడివైపు 40 మంది పేర్లు. పక్కనే, రాని రోజులు నల్ల సిరాతో. ఎందుకు రాలేదో ఆ పైన ఎర్ర సిరాతో. మొత్తం 280 రోజుల లెక్క. ఉపాధి హామీ మస్టరు చూసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఒకతన్ని తేలు కుట్టింది. ఒకతనికి కళ్లు బాగాలేవు. ఒకతను చనిపోయిన అన్నదమ్ముడి దేహానికి గుడ్డలు చుట్టిస్తున్నాడు. సినిమాలవాళ్లు మమ్మీ అని భయపెట్టేది వీళ్లకు ఇంట్లో జరిగిన చావు. ఒకతను మందులు నూరుతూ తరచూ పనికి రాడు. ఊరి వైద్యుడు అతనే కావాలి. ఇంట్లో భార్యో కూతురో ముట్టయిందని మానేసినవాళ్లున్నారు, బీరు కాచుకోవడానికి ఆగినవాళ్లున్నారు, ఫలానావాడితో కూచుని తాగుతూ రానివాళ్లూ ఉన్నారు.

ఈ జాబితా పట్టుకొని నంద్యాల నుంచి కడప రోడ్డు మీదుగా ఆళ్లగడ్డ వెళ్లాను. ఈజిప్టు గురించి ప్రొఫెసర్ల కంటే రాయి కొట్టేవాళ్లను అడగడమే మేలనిపించింది. ఇక్కడి శిల్పకళ దురుగడ్డ ఇంటిపేరుతో ముడిపడింది. షెడ్లలో నల్లరాతి వేంకటేశ్వరుడు, నంది, పక్కనే కళ్లద్దాల రాజకీయ నాయకుడు ఒకే దుమ్ములో నిలబడి ఉంటారు. ఒక పెద్ద వయసు శిల్పికి వరసగా చదివి వినిపించాను. తేలు అనగానే, "రాళ్ల సందున కాక యాడుంటాయి సార్" అన్నాడు. కళ్ల మాట దగ్గర మాత్రం పని ఆపాడు. "కంట్లో రవ్వ పడిందంటే ఆ పొద్దు ఉలి పట్టగూడదు. ముక్కు కాడ దెబ్బ తప్పితే రాయంతా పోయినట్టే." తాగుడు సంగతికి నవ్వాడు: "ఉన్నదున్నట్టు రాయించుకున్నోళ్లు మొగోళ్లే!" నిజానికి ఆ బీరు అక్కడ అన్నంతో సమానం. జీతమే గింజలు: మామూలు పనివాడికి నెలకు నాలుగు బస్తాల గోధుమలు, ఒకటిన్నర బస్తా బార్లీ.

"సెలవో?" అన్నాడు. వాళ్ల వారం పది రోజులదని, దాని చివర సెలవని చెప్పాను. "మాకు అమావాస్య" అన్నాడు.

ఉలి రాగిదంటే మొదట నమ్మలేదు. సున్నపురాతికి రాగి చాలు. అక్కడ ఉలి సర్కారుది. తూకం వేసి ఇచ్చి, మొద్దుబారాక తూకం వేసే తీసుకునేవారు. గ్రానైట్‌ను డోలరైట్ అనే గట్టి రాతి గుండ్లతో దంచి, ఇసుకతో అరగదీసేవారు. కొత్త మ్యూజియం హాల్లో నిలబెట్టిన 83 టన్నుల రామ్సెస్ విగ్రహమూ గ్రానైటే. అస్వాన్ గనిలో సుమారు 42 మీటర్ల స్తంభం ఒకటి సగం తొలిచాక బీటపడి, ఇప్పటికీ అక్కడే పడి ఉంది. ఫొటో చూపిస్తే ముసలాయనకు జాలి కలగలేదు. "ముందే కొట్టి వినాల. మంచి రాయి గంట మాదిరి మోగుతాది, బీటుంటే బొంగురు పలుకుతాది."

చరిత్ర లేకుండా కవర్ స్టోరీ ఉండదు కనుక గబగబా: క్రీ.పూ. 3100 ప్రాంతంలో నార్మర్ అనే రాజు ఎగువ, దిగువ ఈజిప్టులను కలిపాడు. ఖుఫు పిరమిడ్ క్రీ.పూ. 2560 నాటికి 146 మీటర్లు లేచింది. కట్టినవాళ్లు బానిసలనే కథకు 1990లో గిజాలో పిరమిడ్ల పక్కనే బయటపడ్డ పనివాళ్ల సమాధులు గండికొట్టాయి. దేశం క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ చేతికి, 30లో రోమ్ చేతికి పోయింది. ఈజిప్టు చిత్రలిపిని 1822లో షాంపోలియన్ విప్పాడు. 365 రోజుల ఏడాది ఆనాటి ఈజిప్షియన్లు ఇచ్చిందే.

మస్టరు రాసిన సుమారు 80 ఏళ్లకు, మూడో రామ్సెస్ ఏలుబడిలో 29వ ఏట, అదే ఊరి పనివాళ్లకు గింజలు అందలేదు. ఉలులు పడేసి రాజుల గుళ్ల వెనక బైఠాయించారు. గుమాస్తా అదీ రాసిపెట్టాడు. ఆ పత్రం ఇటలీలోని ట్యూరిన్‌లో ఉంది. చరిత్రకెక్కిన మొట్టమొదటి సమ్మె అదే. ఈ సంగతి విన్న శిల్పి అడిగింది ఒక్కటే: "ఇచ్చినారా?" ఇచ్చారు, కొన్నాళ్లకు మళ్లీ ఆగాయి, మళ్లీ కూర్చున్నారు.

బాక్స్: నాంపల్లిలో రాకుమారి

ఈజిప్టు వెళ్లలేనివారికి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒక మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌండ్లకు కొన్నాడంటారు. అతని నుంచి అందుకున్న ఏడో నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చాడు. పేరు నైషూ, ఆరో ఫారో కూతురని ప్రచారం. కాలం మాత్రం క్రీ.పూ. 300–100 అంటారు. నార్మర్ నుంచి లెక్కపెడితే ఆరో ఫారోకూ ఈమెకూ రెండున్నర వేల ఏళ్లకు పైగా తేడా. అలెగ్జాండర్ తర్వాత ఈజిప్టును ఏలిన టాలమీల్లో ఆరోవాడైతే లెక్క కుదురుతుంది. ఆ మాట ఎక్కడైనా రాసిపెడితే బాగుండును.