సంతలో ముఖాలు

ఆంధ్ర మన్యంలోని ముంచింగిపుట్టు దాటితే ఒడిశా. సంత రోజున మాత్రం ఆ హద్దు ఎవరికీ పట్టదు. గదబలు, పోరజలు, బగతలు, కొటియాలు పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని కొండ దిగివస్తారు. ఆదివాసీ ఒడియా, తెలుగు కలగలిపి బేరాలాడతారు. మనుషుల్ని ఫొటో తీయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఇంత తేలిగ్గా తప్పు చేసే చోటూ లేదు.

ఈ కొండల మనుషులకు కెమెరా కొత్త కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించారు. తలలు, ముక్కులు కొలిచి మనుషుల్ని లెక్కగట్టిన కాలమది. ఫొటో కూడా ఆ కొలతల్లో ఒకటి. బొమ్మ కింద తెగ పేరుంటుంది, మనిషి పేరుండదు. ఆ అలవాటు మనకింకా పోలేదు. ముసలామె చెవి పోగులు, ముఖం మీద ముడతలు జూమ్ చేసి తీసి, కింద ‘గిరిజన మహిళ’ అని రాసి ఊరుకుంటున్నాం. ఆవిడ పొద్దున్నుంచీ ఏం చేస్తోందో మనకు పట్టదు.

అడ్డాకులతో విస్తరి కుట్టేవాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. ఆకు మీద ఆకు పెట్టి సన్నటి పుల్లతో గుచ్చుతుంటే తల వంచుకునే ఉంటారు. “అమ్మా, ఒకసారి ఇటు చూడు” అనగానే ముఖం బిగుసుకుంటుంది. అలా పిలవకూడదు. విస్తరి పూర్తయ్యాక ఆమే తలెత్తి, కుట్టు సరిగ్గా పడిందో లేదో వెలుతురుకు పట్టి చూసుకుంటుంది. తీయాల్సింది ఆ చూపును. అయితే ముందే అడిగి ఉండాలి, ఆమె సరేననాలి. వద్దంటే కెమెరా సంచిలో పెట్టేయాలి.

చలికాలం ఇక్కడ ఇంకో చిక్కుంది. వెనక తెల్లటి పొగమంచు ఉంటే కెమెరా ఆ తెలుపుకే లొంగిపోయి చామనఛాయ ముఖాన్ని నల్లగా ముద్ద చేస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాలి, లేదా మనిషిని పెంకుటింటి అరుగు మీద వెలుతురువైపు తిప్పి కూర్చోబెట్టాలి. ఫొటోగ్రఫీకి తెలుపు మీద ఈ మొగ్గు పాతదే. కోడాక్ వాళ్లు రంగులు సరిచూసుకునే ‘షర్లీ’ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఇవాళ్టి ఫోన్ ఫిల్టర్లూ ఒంటి రంగును తెల్లగా తోముతున్నాయి. ఆ ఫిల్టరు ఆపేయడం మర్యాద.

దారి చూపినవాళ్లు మనలోనే ఉన్నారు. 2022లో కన్నుమూసిన ఓరుగల్లు ఫొటోగ్రాఫర్ గుడిమల్ల భరత్ భూషణ్ బతుకమ్మ ఆడే ఆడవాళ్లను, తెలంగాణ పల్లె జీవితాన్ని ఏళ్ల తరబడి తీశారు. జర్నలిస్టు పాలగుమ్మి సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన ‘పరి’ (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) దేశంలోని జిల్లా జిల్లా నుంచీ ముఖాలు సేకరిస్తోంది. అక్కడ ఫొటోతోపాటు పేరు, పని, ఊరు కూడా ఉంటాయి. థర్‌స్టన్ పుస్తకంలో లేనిది అదే.

కెమెరా పట్టుకుని ముంచింగిపుట్టు వెళ్లేవారికి ఒకటే మనవి. పేరు అడగండి, పలికినట్టే రాసుకోండి. తీసిన ఫొటో ప్రింటు వేయించి, మళ్లీ సంతకు వెళ్లి వాళ్ల చేతికివ్వండి.