పోరాట ఆటలలో పడిలేవడం

వీడియో పోరాట ఆటలలో దెబ్బ తిని నేలకూలిన పాత్ర తిరిగి నిలబడే క్రమాన్ని పడిలేవడం అనవచ్చు. ఆ క్షణంలో ప్రత్యర్థి జరిపే దాడికి జపనీసు భాషలో ఒకిజెమె అని పేరు. స్ట్రీట్ ఫైటర్ 2 (1991), టెక్కెన్ (1994) వంటి ఆటలలో గెలుపోటములు తరచు ఇక్కడే తేలుతాయి.

కారణం

ఈ ఆటలలో కాలాన్ని సాధారణంగా సెకనులో 60వ వంతు ఉండే ఫ్రేములతో లెక్కిస్తారు. పాత్ర ఎన్ని ఫ్రేములలో లేస్తుందో తెలిసిన ప్రత్యర్థి, లేచిన తొలి ఫ్రేములోనే తగిలేటట్లు దెబ్బను సిద్ధం చేస్తాడు. అప్పుడు సాధారణమైన ఎదురుదెబ్బ మొదలు కాకముందే విఫలమవుతుంది.

రక్షణ మార్గాలు

* కాచుకోవడం: దెబ్బల నుండి కాపాడుతుంది. అయితే ప్రత్యర్థి పట్టుకొని విసిరితే పనిచేయదు.
* సమయం లేదా స్థానం మార్చడం: అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 (2014)లో ఆలస్యంగా లేవవచ్చు. స్ట్రీట్ ఫైటర్ 6 (2023)లో వెనుకకు దొర్లి లేవవచ్చు.
* దొర్లడం: టెక్కెన్ ఆటలలో పక్కకు దొర్లవచ్చు, తన్నుతూ లేవవచ్చు, లేవకుండా పడి ఉండవచ్చు. పడి ఉన్నవారికి కింది దెబ్బలు తగులుతాయి.
* దెబ్బ తగలని ఎదురుదాడి: షోర్యుకెన్‌లోని కొన్ని రకాలు ఇటువంటివి. ప్రత్యర్థి దీనిని కాచుకుంటే భారీ నష్టం తప్పదు.

ఏ మార్గమైనా పదేపదే వాడితే ప్రత్యర్థి పసిగడతాడు. కనుక మార్గాలను మారుస్తూ ఉండడమే క్షేమకరం.