బ్యాటరీ లేని ట్యాగు బదులెలా పలుకుతుంది?

"డెకథ్లాన్‌లో కొన్న బట్టలన్నీ ఒకేసారి తొట్టెలో వేస్తే క్షణంలో బిల్లు వచ్చేసింది. ఎలా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కిటుకు తొట్టెలో కన్నా చొక్కా లేబుల్లోని ట్యాగులోనే ఎక్కువ ఉంది. గోదాముల్లో స్టాకు లెక్కకూ ఇలాంటి ట్యాగులు వాడతారు.

బార్‌కోడ్ అందరికీ తెలుసు. 1974 జూన్ 26న అమెరికాలోని ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లంతో దుకాణాల్లోకి వచ్చింది. దాన్ని ఒక్కొక్కటిగా, గీతలు కనబడేలా చూపాలి. ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో గుర్తింపు) ట్యాగుకైతే పెట్టె మూత కూడా తీయనక్కర్లేదు.

ట్యాగును వెలుతురుకు పట్టి చూడండి. మెలికలు తిరిగిన సన్నని లోహపు యాంటెన్నా, దాని నడుమ ఆవగింజకన్నా చిన్న చిప్ కనబడతాయి. ట్యాగును చదివే యంత్రం, అంటే రీడర్, వదిలే రేడియో తరంగాల్లోంచే చిప్ కరెంటు పిండుకుంటుంది. దక్కేది మైక్రోవాట్లే, సొంతంగా ప్రసారం చేయడానికి చాలదు. అందుకే వచ్చిన తరంగాన్నే వెనక్కి కొడుతుంది. పిల్లలు అద్దం ముక్కతో ఎదురింటి గోడ మీద ఎండను ఆడిస్తారే, అలాగన్నమాట. చిప్ సెకనుకు వేలసార్లు యాంటెన్నా తీరు మారుస్తూ ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా తిప్పికొడుతుంది. ఆ హెచ్చుతగ్గులే ఒకట్లు, సున్నాలు.

ఈ ఉపాయం గూఢచారులకు ముందే తెలుసు. 1945లో మాస్కోలోని అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు చెక్కతో చేసిన రాజముద్రను కానుకగా ఇచ్చారు. అందులో బ్యాటరీ లేని మైకు దాగి ఉంది. లియోన్ థెరెమిన్ తయారీ. గదిలోని మాటలకు దాని పొర కంపించి, బయటినుంచి పంపిన తరంగాన్ని మార్చి వెనక్కి పంపేది. అది 1952 దాకా దొరకనే లేదు!

వంద ట్యాగులు ఒకేసారి బదులిస్తే గోల కాదా? అవుతుంది. అందుకే రీడర్ ముందుగా, ఉదాహరణకు, '0 నుంచి 15 లోపు ఒక అంకె అనుకోండి' అంటుంది. ఆపైన ఒక్కో పిలుపుకూ అన్నీ తమ అంకెలోంచి ఒకటి తగ్గించుకుంటాయి. సున్నాకు చేరిన ట్యాగే పలుకుతుంది. రెండు కలిసి పలికితే వాటికి మరో అవకాశం వస్తుంది. గుంపు పెద్దదైతే రీడర్ అంకెల హద్దు పెంచుతుంది. పేరు నమోదైన ట్యాగు ఆ విడతకు నోరు మెదపదు. ఈ వంతుల పద్ధతి మూలం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహానెట్‌లో ఉంది.

ఈ ట్యాగుల వాడకంలో అమెరికా దుకాణాల సంస్థ వాల్‌మార్ట్ తొందరపడింది. 2005 జనవరికల్లా పెట్టెలకు ట్యాగులు అతికించాలని 2003లో తన 100 పెద్ద సరఫరాదారులకు చెప్పింది. కానీ ఈ తరంగాలను నీరు పీల్చేస్తుంది, లోహం చెదరగొడుతుంది. సీసాలు, డబ్బాలు నిండిన పెట్టెల్లో ట్యాగులు సరిగా పలకలేదు. తడీ లోహమూ లేని బట్టల దగ్గరే ఇది బాగా కుదిరింది.

పుస్తకానికీ తడి లేదు, లోహం లేదు. అయినా చాలా గ్రంథాలయాల్లో బీరువాల్లోంచి పుస్తకాలు దించి చేత్తోనే లెక్క చూస్తున్నారు. ఇలాంటి ట్యాగు మీ దగ్గరా ఉండవచ్చు: టోల్‌గేటు దగ్గర ఆగినప్పుడు మీ కారు అద్దం మీది ఫాస్టాగ్‌ను గమనించండి. అందులోనూ బ్యాటరీ లేదు. 865 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో అదీ ఇలాగే తరంగాన్ని తిప్పికొట్టి తన నంబరు చెబుతుంది.