ఆక్సోలోటల్ తొట్టె

ఆక్సోలోటల్ తొట్టె అనగా మెక్సికో దేశపు ఆక్సోలోటల్ అను ఉభయచర జీవిని ఇంటిలో పెంచుటకు ఏర్పరచు మంచినీటి గాజు తొట్టె. ఇది చూపునకు చేపల తొట్టె వలెనే ఉన్నను నిర్వహణలో దానికి పూర్తిగా భిన్నమైనది. చల్లని నీరు, మెల్లని ప్రవాహము, కాలుష్యము లేని జలము దీనికి ప్రధానములు. తెలంగాణలోని సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములో ఈ మూడింటిలో మొదటిది, చివరిది దుర్లభములు.

==జీవి స్వభావము==
ఆక్సోలోటల్ సాలమాండర్ జాతికి చెందినది. మెక్సికో నగరము వద్దనున్న షోచిమిల్కో సరస్సు, కాలువలు దీని సహజ నివాసము. తోకకప్ప కప్పగా మారినట్లు ఇది సాధారణముగా రూపాంతరము చెందదు. తల కిరుప్రక్కల కుచ్చుల వంటి మొప్పలతో, డింభక రూపములోనే పెరిగి సంతానమును కంటుంది. తెగిన కాలు తిరిగి మొలుచుట వలన శాస్త్రజ్ఞులకు ఇది ప్రీతిపాత్రమైనది. 1864లో 34 జీవులు పారిస్ చేరినవి. నేటి ప్రయోగశాలలలోని వాటిలో అధిక భాగము వాటి సంతతియే. స్వస్థలములో మాత్రము ఇది అంతరించే దశలో ఉన్నది. సంరక్షణలో 10 నుండి 15 ఏండ్లు జీవించును గనుక కొనుటకు ముందే ఈ సంగతి ఆలోచించవలెను.

==నీరు==
దీని చర్మము నీటిలోని పదార్థములను సులభముగా పీల్చుకొనును. కావున ఏ నీరు పోయుచున్నామన్నదే అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న.

పటాన్‌చెరు పరిసరాలలో ఔషధ పరిశ్రమలు అనేకము. ఇక్కడి వ్యర్థజల శుద్ధి కేంద్రము నుండి వెలువడు నీటిని స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందము పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అను యాంటీబయాటిక్ ఉన్నట్లు 2007లో ప్రకటించినది. సమీప గ్రామాల బావులలోను మందుల అవశేషాలు కనబడినట్లు 2009లో వెల్లడైనది. అదే ఏడాది వెలువడిన మరొక పరిశోధనలో, ఈ వ్యర్థజలము కేవలము 0.2 శాతము కలిసిన నీటిలోనే తోకకప్పల ఎదుగుదల బాగా కుంటుపడినట్లు తేలినది. తోకకప్ప, ఆక్సోలోటల్ రెండును ఉభయచరములే. బోర్లన్నియు చెడినవని దీని అర్థము కాదు. అయితే పరీక్ష చేయించని బోరునీటిని తొట్టెలో పోయరాదు. కాచినంత మాత్రాన లవణములు, లోహములు పోవు.

నల్లా నీరు మేలు. అందులోని క్లోరిన్ ఒకరోజు తెరచి ఉంచినచో చాలవరకు పోవును. క్లోరమైన్ అట్లు పోదు, దానికి విరుగుడు ద్రావణము కలుపవలెను. ఆర్.ఓ. నీటిని మాత్రమే పోయుట కూడ పొరపాటే, ఏలయన ఈ జీవికి నీటిలో కొంత కాఠిన్యము అవసరము. ఉదజని సూచిక 7.4 – 7.6 మధ్య ఉండుట శ్రేష్ఠము.

==తొట్టెను పక్వపరచుట==
కొత్త తొట్టెలో జీవిని వెంటనే వదలరాదు. దాని మలమూత్రాల నుండి పుట్టు అమ్మోనియా విషము. కొన్ని బాక్టీరియాలు దానిని నైట్రైట్‌గాను, మరికొన్ని నైట్రైట్‌ను అంతకంటె తక్కువ హానికరమైన నైట్రేట్‌గాను మార్చును. ఇవి వడపోత స్పాంజిలో స్థిరపడుటకు సుమారు 4 నుండి 6 వారాలు పట్టును. అమ్మోనియా, నైట్రైట్ రెండును సున్నా చూపిన తరువాతనే జీవిని తేవలెను. స్పాంజిని నల్లా క్రింద కడిగినచో క్లోరిన్ వలన ఈ బాక్టీరియా నశించి, పని మొదటికి వచ్చును. తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండవలెను. వారమునకు ఐదవ వంతు నీరు మార్చుట వాడుక.

ఒక్క జీవికి 75 లీటర్లకు తగ్గని తొట్టె కావలెను. అడుగున గులకరాళ్ళు వేయరాదు. ఎర దొరికినదని నోరు తెరచి రాతిని మింగును, అది ప్రేగులలో అడ్డుపడి ప్రాణము తీయును. సన్నని ఇసుక గాని, ఖాళీ అడుగు గాని చాలును.

==వేడిమి==
16 – 18 డిగ్రీల సెంటిగ్రేడు నీరు దీనికి హితము. 24 డిగ్రీలు దాటిన కొలది ఆకలి తగ్గి రోగములు పట్టును. సంగారెడ్డి జిల్లాలో వేసవి పగటి వేడిమి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. నీటిపై ఫ్యాను పెట్టినచో ఆవిరగుట వలన కొద్ది డిగ్రీలు తగ్గును గాని, వానకాలపు తేమలో ఆ మేలు కూడ అంతగా ఉండదు. మంచు సీసాలు వేయుదమన్నచో లెక్క ఇట్లున్నది: 100 లీటర్ల నీటిని 30 నుండి 18 డిగ్రీలకు దించుటకు 1200 కిలోకాలరీలు తీసివేయవలెను, కిలో మంచు కరిగి 18 డిగ్రీలకు వచ్చుటలో 98 కిలోకాలరీలు పీల్చును. అనగా పన్నెండు కిలోల పైచిలుకు మంచు, అదియు ఒక్కసారికి. గది వేడి మరల మరల లోనికి వచ్చుచునే యుండును, పైగా నీరు హఠాత్తుగా చల్లబడుట కూడ కీడే. కావున చిల్లరు యంత్రము, కరెంటు పోయినపుడు దానిని నడుపు ఏర్పాటు లేనివారు ఈ ప్రాంతములో ఈ జీవిని తేకుండుటయే ఉచితము.

==ఆహారము==
వానపాములు ఉత్తమాహారము. తెలంగాణలో వీటిని ఎర్రలందురు. ఎరువులు, పురుగుమందులు చల్లిన చేలనుండి, కాలువ గట్లనుండి త్రవ్వినవి పెట్టరాదు. పెద్ద జీవికి రెండు మూడు రోజులకొకసారి పెట్టిన చాలును. చిన్న చేపలను తోడు వేసినచో అవి దీని మొప్పలను కొరుకును.

==చట్టము==
ఆక్సోలోటల్ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒడంబడిక రెండవ అనుబంధములో ఉన్నది. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో చేసిన సవరణ ప్రకారము ఇట్టి జీవులను పెంచువారు ప్రభుత్వము వద్ద నమోదు చేసుకొనవలెను. 2024 నియమావళి ప్రకారము ఈ నమోదు పరివేష్ పోర్టల్ ద్వారా జరుగును. అమ్మువాని వద్ద పత్రములు లేనిచో కొనరాదు. పెంచలేక చెరువులో వదలుట చట్టరీత్యా తప్పు, ఆ వేడి నీటిలో అది బ్రతుకుట కూడ కష్టము.